బాలింతకు జ్వరం, నాకు గుండెనొప్పి

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. సిరిసిల్లలో సాంచాల మధ్య కూర్చుని నూలు కండెలు చుట్టిన గొంతు ఇది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అవి వరసగా ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అక్కడ ఒకరినొకరు చాయ్ తాగుతావా అని అడగాలన్నా కొట్లాటకు పోయినట్టు అరవాలి. అట్లా అరిచి అరిచి గొంతు గరుకుదేలి, నాకు గుసగుస అనేది లేకుండా పోయింది. నేను ఎవరి చెవిలోనైనా రహస్యం చెప్తే వాడకట్టు మొత్తం దానికి జవాబిస్తుంది. "నీతోని దొంగతనానికి పోతే ఇద్దరం జైలుకే" అనేవాడు మా ఆయన. ఆయన పోయి చాలా ఏండ్లయింది. గొంతు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

చదువంటారా, అది సంతకం దాకా వచ్చి ఆగింది. అందుకే నేను చెప్పడం, ఇంకొకరు రాయడం.

నా బిడ్డను కోరుట్లలో ఇచ్చాను. అల్లుడు దుబాయిలో ఉంటాడు. మొదటి కాన్పు తల్లిగారింట్లోనే కావాలని నేను సిరిసిల్లలో ఇల్లంతా సర్ది పెట్టుకున్నాను. కడుపులో ఉన్నది మాత్రం ఆగలేదు. అనుకున్న దినాలకంటే ముందే నొప్పులు మొదలైతే, మా వియ్యపురాలు ఆటోలో వేసుకుని జగిత్యాల దవాఖానకు తీసుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది. కుట్లు పడ్డాయి. నేను బస్సులు మారి వచ్చేసరికి తల్లీబిడ్డలు కోరుట్లలో, వియ్యపురాలి ఇంట్లో, వియ్యపురాలి రాజ్యంలో ఉన్నారు.

నేను ఉత్త చేతులతో పోలేదు. మా సాంచాల మీద లంగాల బట్ట నేస్తారు, మంచి నూలు బట్ట. బాలింతకు గుడ్డలు కావాలి కదా అని దాని ముక్కలు మూటగట్టుకుని పోయాను. ఎవరి ఒంటి మీదా పడని కొత్త బట్ట, సాంచ మీద నుంచి దిగింది దిగినట్టే తెచ్చాను. మా నేతోళ్ళకు ఒక గట్టి నమ్మకం ఉంది. ఎవరూ కట్టని బట్ట మురికిది కాదు. అది నేల మీద ఎక్కడ పడింది, ఏ నూనె చేతులు దాన్ని పట్టుకున్నాయి, దూది దుమ్ము ఎంత మింగింది అని మేము అడగం. వియ్యపురాలిదీ ఒకప్పుడు నేత ఇల్లే. మగ్గాలు పోయినంక బీడీలు చుట్టడం పట్టుకుంది. మూట విప్పి చూసి, "కొత్త బట్ట వదినే, మంచిగున్నది" అని మెచ్చుకుంది. మేమిద్దరం ఒక్కటంటే ఒక్క మాటకు ఒప్పుకున్నది అప్పుడే. అదీ తప్పు మాటే అయింది.

బాలింత గది చూసి నేను బెదిరిపోయాను. కిటికీకి గోనెసంచి కుక్కారు. తలుపుకు కంబళి వేలాడుతోంది. మూలన కుంపటి, దాని మీద సాంబ్రాణి. ఆ పొగలో నా బిడ్డను నేను చేతులతో తడుముకుంటూ వెతుక్కోవలసి వచ్చింది. నీళ్ళు అడిగితే గుక్కెడే. పత్యం అంటే ఎల్లిపాయ కారం, అన్నం, మళ్ళీ ఎల్లిపాయ కారం. వాడిన గుడ్డలు మొగోళ్ళ కంటపడొద్దని ఉతికి, మంచం వెనుక గోడకు తాడు కట్టి ఆరేసి, పైన పాతచీర కప్పింది వియ్యపురాలు. చీకట్లో, పొగలో, చీర కింద. ఆ గుడ్డలు ఆరేవి కావు, తడికి అలవాటయ్యేవి. మా వియ్యంకుడు కోడలి గుడ్డలు చూడటానికి కాచుకుని కూర్చునే మనిషి కాదు పాపం. ఆయన టీవీ తప్ప ఏదీ చూడడు. ఇల్లు కాలినా ఆ వార్త టీవీలో వచ్చేదాకా లేవడు.

"వదినే, కిటికీ జెర తెర్వరాదు. పిల్లకు ఊపిరాడ్తలేదు" అన్నాను, నా మటుకు నేను మెల్లగానే.

"తెరిస్తె గాలి సోకుతది. బాలెంత ఇల్లు గిట్లనే ఉండాలె. గిది నీ సాంచాల కార్ఖాన కాదు."

"నా కార్ఖానల పొగ లేదు గదా!"

గోడ అవతల నుంచి పక్కింటామె గొంతు వచ్చింది: "ఔనక్కా, జెర కిటికీ తెర్వుండ్రి, పాపం!"

వియ్యపురాలు నన్ను చూసిన చూపుకు కుంపటి చల్లారిపోవాలి.

దవాఖానలో గోలీలిచ్చి, అన్నీ మింగాలని చెప్పి పంపారట. అవి నాకు దేవుని పటం వెనుక దొరికాయి. "గోలీలు వేడి చేస్తయ్, పాలు ఇంకిపోతయ్" అని ఆమె అక్కడ పెట్టింది. కొంపలో అందరికంటే ఆరోగ్యంగా ఉన్నది ఆ దేవుడే.

అట్లా ఉండగా నా బిడ్డకు జ్వరం వచ్చింది.

బయట ఎండకు పెంకులు పేలుతున్నాయి. లోపల నా బిడ్డ పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "అమ్మా, సలి పెడ్తుందే. ఇంకో చెద్దరెయ్యవే. కడుపుల కింద పిండినట్టయితుంది." నేను చెయ్యి వేసి చూస్తే కాలిన రేకును ముట్టుకున్నట్టుంది.

వియ్యపురాలు చాటలో బీడీ ఆకు పక్కన పెట్టి వచ్చింది. అవే చేతులతో నుదురు చూసింది, అవే చేతులతో గుడ్డ సర్దింది. "పాలు పొంగినయ్ వదినే. పాల జెరం. మా అందరికి అచ్చిందే. ఇంత పొగేస్తె దిగుతది."

నేను దుప్పటి మార్చడానికి వంగాను. అప్పుడే పొగ కాస్త సన్నగిల్లింది, ముక్కుకు ఒక వాసన తగిలింది. నూలుకు పెట్టే గంజి ఉంటుంది చూడండి, అది వానాకాలంలో కుండలో మిగిలి పులిసిపోతే వచ్చే వాసన. బాలింత దగ్గర నెత్తురు వాసన ఉంటుంది, పాల వాసన ఉంటుంది. కుళ్ళిన వాసన ఉండదు. నేను తల ఎత్తేలోపలే వియ్యపురాలు గుప్పెడు సాంబ్రాణి నిప్పుల మీద వేసింది. వాసన పోయింది. వాసన పోతే జబ్బు పోయినట్టేనని ఆమె లెక్క.

"దవఖానకు పోదాం వదినే."

"పురుడు స్నానం గాకముందే గడప దాటిస్తవా? నీకేమన్న పిచ్చి లేశిందా?"

"జెరం సూడు, వాసన సూడు."

"నాకేం వాసన అస్తలేదు."

"రోజంతా పొగాకుల కూసుంటవు, నీ ముక్కు ఎప్పుడో రిటైరయింది!"

ఇక అల్లుడికి వీడియో కాల్ చేయించాను. ఆయన ముఖం ఫోన్లో సగమే కనపడుతోంది, ఆ సగం కూడా భయపడుతోంది. "అత్తమ్మా, అమ్మ ఎట్లంటే గట్లనే చెయ్యుండ్రి. అమ్మకు అనుభవం ఉన్నది."

"అల్లుడా, గీ మాట నీ తెలివితోని చెప్తున్నవా, మీ అమ్మ నా పక్కన నిలవడ్డదని చెప్తున్నవా?"

"అత్తమ్మా, వినవడ్తలేదు, నెట్‌వర్క్ పోతుంది..."

నా గొంతు ఫోన్ లేకున్నా దుబాయిలో వినపడుతుంది. అయినా నెట్‌వర్క్ పోయింది.

తెల్లారేసరికి నా బిడ్డ పొంతన లేని మాటలు మాట్లాడుతోంది. పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే తల తిప్పి చూడలేదు. కడుపున పుట్టినదాని ఏడుపు కూడా ఆ తల్లికి వినపడటం లేదు. ఇక వాదిస్తూ కూర్చుంటే నా పిల్ల దక్కదు. గడప దాటించాలి. ఆ గడపకు అడ్డంగా నిలబడ్డ మనిషి దేనికి భయపడుతుంది?

ఆలోచించాను. ఆమె తొట్లెకు, అంటే పిల్లను ఉయ్యాలలో వేసే పండుగకు, చుట్టాలందరినీ పిలుచుకుంది. పురుటి ఇంట్లో ఇంకేదైనా కావచ్చు కానీ చావు కాకూడదు. అందులోనూ వియ్యపురాలి చావు! ఆ మాట కోరుట్ల దాటి జగిత్యాల దాకా పోతుంది.

సరే, చద్దామనుకున్నాను.

వాకిట్లో చోటు చూసుకున్నాను. బీడీల చాటను కాలితో పక్కకు జరిపాను. ఆకు చెదిరితే తర్వాత తిట్లు తినేది నేనే కదా. గుండె పట్టుకుని, "అయ్యో, నా పాణం పోతుందో!" అని పడ్డాను. ఇన్నేండ్లు సాంచాల దగ్గర అరిచినదానికి ఫలితం ఆ పొద్దు దక్కింది. ముందు పక్కింటామె వచ్చింది. వెనుక వాడకట్టు వచ్చింది. మా వియ్యంకుడు టీవీ ముందు నుంచి లేచి వచ్చాడు. అది చూసి కొందరు నాకంటే ఆయన గురించే ఎక్కువ కంగారు పడ్డారు.

వియ్యపురాలు నా మీదికి వంగి రెండు చేతులూ జోడించింది. "వదినే, నా ఇంట్ల సావకే! నీకు దండం పెడ్త. పురుడు గూడ గాలే! సిరిసిల్లకు పోయినంక నీ ఇష్టం!"

ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది వచ్చేదాకా మూలుగుతూ ఉండటం ఎంత కష్టమో ఎప్పుడూ చావనివాళ్ళకు తెలియదు. అంబులెన్సు పిల్లవాడు దిగి నా పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, నొప్పి ఏడ?"

"గుండెల బిడ్డా, గుండెల."

"గుండె ఎడమ దిక్కు ఉంటది అవ్వా. నీ చెయ్యి కుడి దిక్కున్నది."

"ఔ బిడ్డా. నొప్పికి గటు జరిగింది."

వాడు నా ముఖంలోకి చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే ద్వారబంధం పట్టుకుని వేలాడాను. "నా బిడ్డ రాకుంటె నేను రాను. ఆఖరి సూపు. నా బిడ్డను తేండ్రి!"

"బాలెంత గడప దాటద్దు!" అంది వియ్యపురాలు.

ఇక నేను అనాల్సిన పని లేదు. అనడానికి వాడకట్టు ఉంది.

"గదేందక్కా, తల్లి సావు బతుకుల ఉంటె బిడ్డను ఆపుతవా?"

"నీ బిడ్డనైతె ఆపుదువా?"

పక్కింటామె ఇంకొకామెతో కలిసి లోపలికి పోయి, కంబళి తొలగించి, నా బిడ్డను రెండు చంకల కింద పట్టుకుని తీసుకొచ్చింది. గడప దాటింది నా పిల్ల. స్ట్రెచర్ మీద పడుకుని ఒక కన్ను తెరిచి చూశాను, దాటింది. వియ్యపురాలు పసిదాన్ని గుడ్డలో చుట్టుకుని, గాలి సోకకుండా చేతిలో ఇనుప చాకు పట్టుకుని, కొంగున సాంబ్రాణి డబ్బా కట్టుకుని మా వెనకే ఎక్కింది.

"అమ్మా, గిండ్ల పొగ పెట్టద్దు. ఆక్సిజన్ ఉన్నది, అందరం పోతం" అన్నాడు అంబులెన్సు పిల్లవాడు.

తలుపు పడింది. బండి కదిలింది. నేను లేచి కూర్చుని, చీర సర్దుకుని, నా బిడ్డను స్ట్రెచర్ మీద పడుకోబెట్టాను.

వాడు బిత్తరపోయాడు. "అసలు పేషెంటు ఎవరు?"

"తమ్మీ, గీ పిల్ల చెయ్యి పట్టి సూడు. నాకు అచ్చిన నొప్పి గిదే."

వాడు పట్టుకున్నాడు. నవ్వబోయిన ముఖం అక్కడే ఆగిపోయింది. జ్వరం చూశాడు, బీపీ చూశాడు, ముందుకు వంగి డ్రైవరుతో "జల్ది పోనియ్" అన్నాడు. అంబులెన్సు అబద్ధానికి రాలేదు. పేరు ఒక్కటే మారింది.

"వదినే!" అని అరిచింది వియ్యపురాలు. "నువ్వు సావలేదా?"

"జగిత్యాల అచ్చినంక సూద్దాం వదినే."

దారిలో మేడిపల్లి దాకా నన్ను తిట్టింది. నా పూర్వీకులను తిట్టింది, సిరిసిల్లను తిట్టింది. మేడిపల్లి దాటాక నా బిడ్డ ఒక మూలుగు మూలిగింది. ఆ మూలుగుకు ఆమె తిట్టును సగంలో వదిలేసింది. చాకు కింద పెట్టి, కోడలి పాదాలు రుద్దడం మొదలుపెట్టింది.

జగిత్యాల దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసుది. దుప్పటి ఎత్తి చూసి, నర్సు వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. "గర్భసంచిల ఇన్ఫెక్షన్. కుట్ల దగ్గర చీము గూడ ఉన్నది. రక్తంలోకి ఎక్కుతుంది" అంది. లోపల మావి ముక్క ఏమైనా మిగిలిందేమోనని స్కానింగు తీశారు. మిగలలేదు. సూదులు, సెలైన్లు, మూతికి గాలి గొట్టం. డాక్టరమ్మ చేతులు కదులుతూనే ఉన్నాయి, నోరు మమ్మల్ని ప్రశ్నలు అడుగుతూనే ఉంది.

"ఇచ్చిన గోలీలు మింగిందా?"

"దేవుడు మింగుతున్నడు మేడం" అన్నాను. "పటం ఎనుక ఉన్నయ్."

"ఏం గుడ్డలు వాడిండ్రు?"

"సిరిసిల్ల బట్ట మేడం" వియ్యపురాలు అందుకుంది. "సాంచ మీదికెంచి దిగింది దిగినట్టె, ఉతకకుండ తెచ్చింది ఈమె."

"తర్వాత ఉతికి చీకట్ల ఆరేసింది ఎవలు? మంచం ఎనుక, చీర కింద?" అన్నాను.

"నీ చేతులకు సాంచాల నూనె లేకుండెనా?"

"నీ చేతులకు పొగాకు లేకుండెనా? గవే చేతులతోని కుట్లు తుడువలేదా?"

"ఇద్దరు బయటికి!" అంది నర్సు. నా గొంతును దాటిన గొంతు నేను విన్నది అప్పుడే.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఒడిలో పసిది నిద్రపోతోంది. మా మధ్య ఒక చాయ్ గ్లాసు చల్లారిపోతోంది. లోపల నా పిల్ల ఉంటుందో పోతుందో ఎవరూ చెప్పడం లేదు. నాకు ఆమెను తిట్టడానికి చాలా మాటలున్నాయి, వరస పెట్టుకుంటున్నాను.

"మా అక్క గిట్లనే పోయింది" అంది వియ్యపురాలు, నేల చూస్తూ. "నేను చిన్నదాన్ని. మొదటి కాన్పు. గిదే సలి, గిదే జెరం. గడప దాటి నీళ్ళకు పోయింది, గాలి సోకింది అన్నరు అందరు. గందుకే నేను తలుపు మూసిన వదినే. నీ బిడ్డను సంపుదామని గాదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గదే వాసన ఉండె. అప్పుడు గూడ పొగేసిండ్రు."

నేను వరస పెట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. "నాకెరుకే వదినే" అన్నాను.

"ఏందీ? వినవడలే" అంది ఆమె.

అప్పుడు తెలిసింది, నాకు గుసగుస వచ్చింది. అప్పుడు వచ్చి పోయింది, మళ్ళీ రాలేదు.

నా బిడ్డ కళ్ళు తెరిచి మొదట అడిగింది నీళ్ళు. వియ్యపురాలే సీసా ఎత్తి పట్టింది. గుక్కెడు కాదు, కడుపు నిండా. ఆ తర్వాత పసిది ఏడిస్తే తల తిప్పి చూసింది. ఆ తల తిప్పడం చూశాక నేను పోయి గోడకు ఆనుకుని ఏడ్చాను. వార్డంతా లేచి కూర్చుంది.

కోలుకోవడం తొందరగా కాలేదు. పాలు తగ్గి, మళ్ళీ మెల్లగా పడ్డాయి. నడిస్తే కడుపులో నొప్పి చాన్నాళ్ళు ఉంది. ఊరికే ఏడ్చేది. ఇట్లాంటి జ్వరం ముదిరితే కొందరికి గర్భసంచి గొట్టాలు మూసుకుపోయి మళ్ళీ కడుపు పండటం కష్టమవుతుందని, కొందరి ప్రాణమే పోతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను ఒకటే అడిగాను: "మేడం, బట్టతోని అచ్చిందా, పొగతోని అచ్చిందా? ఒక్కటి చెప్పుండ్రి, గీమెకు చెప్పాలె."

"ఇదే అని వేలు పెట్టి చెప్పలేను అవ్వా. పొగ జబ్బును తేలేదు, వాసనను దాచింది. తడిగుడ్డ, కడగని చెయ్యి, మింగని గోలి, ఏ దారిల అచ్చిందో. అచ్చినంక మాత్రం ఇంట్ల కూసునుడు తప్పు. బాలెంతకు సలిజెరం, కడుపు నొప్పి, చెడు వాసన ఉంటె పాల జెరమని ఊకోవద్దు. అప్పుడే తీసుకరావాలె."

తీర్పు రాలేదు కనుక మా కేసు ఇప్పటికీ నడుస్తోంది. పెండ్లిలో కలిసినా, పేరంటంలో కలిసినా, "నీ గుడ్డనే" అని ఆమె, "నీ చీకటే" అని నేను.

కోరుట్ల ఇంటికి తిరిగి వచ్చిన రోజు కిటికీలో గోనెసంచి లేదు. వియ్యపురాలే తీసి పారేసింది. గుడ్డలన్నీ సబ్బుతో ఉతికి, బుడగలు వచ్చేలా మరగబెట్టి, ముందు వాకిట్లో నడి ఎండకు తాడు మీద ఆరేసింది. వీధి వీధంతా చూసేటట్టు. మా వియ్యంకుడు ఆ రోజు టీవీలో ప్రకటనలు కూడా కన్నార్పకుండా చూశాడు.

నా బిడ్డ గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అవును, ఆ గడపలోనే. ఇప్పుడు ఇదంతా రాస్తున్నది కూడా ఆమే. 'ఆఖరి సూపు అని నువ్వు అరిచినప్పుడు నాకు నిజమనిపించింది, అది గూడ రాస్త' అంటోంది. రాయి అన్నాను.

ఆ పొద్దు మనవరాలిని ఎత్తుకుందామని నేను చెయ్యి చాపాను. వియ్యపురాలు నాకంటే ముందు చాపింది. నా బిడ్డ పసిదాన్ని వెనక్కు జరుపుకుంది.

"ఇద్దరు చేతులు కడుక్కోండ్రి. సబ్బుతోని. గోర్ల సందులల్ల గూడ."

ఇద్దరం కుళాయి దగ్గరికి పోయాం. మోచేతులు తగిలాయి. సబ్బు కోసం కొట్లాడాం. కడుక్కుని వచ్చి బడిపిల్లల్లాగా అరచేతులు చాపి నిలబడ్డాం. నా బిడ్డ ముందు అత్త చేతులు తిప్పి తిప్పి చూసి, పిల్లను ఇచ్చింది. తర్వాత నా చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నూనె వాసన పోలే అమ్మా. మళ్ళ కడుగు పో."

వియ్యపురాలు మనవరాలిని భుజాన వేసుకుని నవ్వుతోంది. నేను మళ్ళీ సబ్బు తీసుకున్నాను.